కోరింగ ఏరు మీద తెలుగులో ఓ సినిమా తీయించండి

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. కాకినాడ జిల్లా తీరంలో బడిపంతుల్ని. మొన్న క్లాసులో ఆస్ట్రేలియా సముద్ర తీరం మీద తీసిన ఇంగ్లిష్ డాక్యుమెంటరీ వేశాను. పగడాలు, తిమింగలాలు వచ్చినంతసేపూ పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. మధ్యలో ఓ ఉప్పుటేరు, బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడ్డ వేళ్లు కనిపించాయి. వెనక బెంచీలోంచి చేపల వేటకెళ్లేవాళ్ల అబ్బాయి లేచి, "మాస్టారూ, అది మన తెల్లమడే" అన్నాడు. నిజమే, ఉప్పునీటి బురదలో పెరిగే మా మడచెట్టు, అదే జాతి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ వేళ్లు పైకొచ్చి ఊపిరి తీసుకుంటాయని, పోటుకి మునిగి పాటుకి తేలతాయని, ఏ సందులో చెయ్యి పెడితే మండపీత కొరుకుతుందో కూడా వాడే చెప్పాడు. టీవీలో ఇంగ్లిష్ మాట్లాడుతూనే ఉంది, ఎవరూ వినలేదు.

ఆ మడ అడవుల కోరింగ అభయారణ్యం 1978 నుంచీ ఉంది, 235 చదరపు కిలోమీటర్లు. దాని మీద మా పిల్లలకి చూపించడానికి నాకు దొరికేవన్నీ డ్రోన్ షాట్లు, పాటలు పెట్టిన టూరిజం వీడియోలే. మన దేశం చేపట్టిన సముద్రయాన్‌లో ముగ్గురిని సముద్రంలో 6,000 మీటర్ల లోతుకి పంపడానికి మత్స్య-6000 అనే జలాంతర వాహనం తయారవుతోంది, సంతోషం. మా ఏట్లో పాటు వేళ కొన్నిచోట్ల మొలలోతే నీళ్లు. అందులోకి కెమెరా దిగాలంటే మీ శాఖ అనుమతి కావాలి, అందుకే ఈ ఉత్తరం మీకు.

రాత్రిపూట నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లిని చూపించండి. సముద్రంలో ఇలసగా ఉన్నది వరద నీటికి ఎదురీది గోదాట్లోకొచ్చి పులస అవుతుంది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర దారి మూసుకుపోతుంది. పుస్తెలమ్మైనా తినాలంటాం గానీ దాని ప్రయాణం చూసిందెవరు? చలికాలంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వలల్లో చిక్కి, చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అదీ దాచొద్దు. తాబేలు తప్పించుకునే కన్నం వలకి పెడితే చేపలూ పోతాయని మావాళ్లు అంటారు, ఆ మాట వాళ్ల నోటితోనే చెప్పించండి. వ్యాఖ్యానం కూడా వాళ్లలో ఒకరి చేత చెప్పిస్తే మేలు. పోటు, పాటు, మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) అన్న మాటలు పలకడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మర బోట్లు ఒడ్డునే ఉంటాయి, జనం ఊళ్లోనే ఉంటారు. సినిమా అప్పటికి అందేలా చూడండి. రామకోవెల ముందు తెర మేం కట్టుకుంటాం.

ఇట్లు,
ఒక బడిపంతులు