లిఫ్టు దిగాక మా అమ్మ ఎటు నడవాలి?

సంపాదకులకు నమస్కారం.

వారానికి రెండుసార్లు మా అమ్మను ఫిజియోథెరపీకి మెట్రోలో తీసుకెళ్తాను. ఆవిడకు 74 ఏళ్లు. మోకాలి ఆపరేషన్ అయ్యాక చేతికర్ర లేనిదే అడుగు వేయదు. రైలెక్కాక మాకు ఏ ఇబ్బందీ లేదు. పెద్దవాళ్ల సీట్లో ఎవరైనా కుర్రాడు కూర్చున్నా అమ్మను చూడగానే లేస్తాడు. అమీర్‌పేటలో లైను మారేటప్పుడు అంత జనంలోనూ లిఫ్టు ఉంది కాబట్టి నడిచిపోతోంది. "బస్సులో నన్నింత నెమ్మదిగా ఎవరు దిగనిస్తారే" అంటుంది అమ్మ.

మా కష్టమంతా నేల మీదికి వచ్చాకే. మా ఇంటి దగ్గరి స్టేషన్‌లో లిఫ్టు దిగితే ఫుట్‌పాత్ మీద ఉంటాం. నాలుగడుగులు వేస్తే ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె. పక్కన వరసగా టూవీలర్లు. ఇక రోడ్డులోకి దిగడమే దారి. ఫుట్‌పాత్ అంచేమో జానెడున్నర ఎత్తు. మొదటిసారి అమ్మ కర్ర కిందికి ఆనించబోయింది, అందలేదు. కర్ర వెనక్కి తీసుకుని నా భుజం గట్టిగా పట్టుకుంది. వెనక బస్సు హారన్ మోగుతూనే ఉంది. అక్కడ జామకాయల బండి పెట్టుకునే అక్క ఇదంతా చూసి, మర్నాటికల్లా ఎక్కడినుంచో ఒక సిమెంటు ఇటుక తెచ్చి ఆ అంచు కింద మెట్టులా వేసింది. ఇప్పుడు చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, సంచులు మోసుకొచ్చేవాళ్లు అందరూ ఆ ఇటుక మీద కాలు పెట్టే దిగుతున్నారు.

హైదరాబాద్‌లో 2017 నవంబరు 28న మెట్రో ప్రారంభమైంది. మొదటి దశ పూర్తయ్యేసరికి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. దాదాపు అంతా రోడ్ల మీదుగా, స్తంభాలపైనే. రోడ్డు మధ్యలో అంత ఎత్తున స్టేషన్ కట్టినప్పుడు మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు రెండు పక్కలా ఫుట్‌పాత్‌ల మీదికే దిగుతాయి. అందులో తప్పేమీ లేదు. కానీ అవి తీసుకున్న చోటు నడిచేవాళ్లకు మళ్లీ ఎక్కడిచ్చారన్నదే నా ప్రశ్న. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని రోడ్ల నిర్మాణానికి కొలతలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతున్నాయి. మా స్టేషన్ మెట్ల పక్కన ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తిగిలి నిలబడాలి. చూపులేనివారి కోసం స్టేషన్‌లో పరిచిన పసుపుపచ్చ గీతల పలకలు కూడా మెట్ల చివరికి వచ్చేసరికి ఆగిపోతాయి. అక్కడినుంచి బస్టాపు దాకా వాళ్లు దేన్ని పట్టుకుని నడవాలి? ఇలాంటి అడ్డంకులు ఉండకూడదనే వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది.

అడిగితే మెట్లు ఒకరివట, ఫుట్‌పాత్ ఇంకొకరిదట, ట్రాన్స్‌ఫార్మర్ మరొకరిదట. మూడు చోట్లా నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. మూడు చోట్లా పక్క ఆఫీసుకి వెళ్లమన్నారు.

ఇంకో మాట. టికెట్ లేనివాళ్లు కూడా స్టేషన్ మెట్లెక్కి, గేట్ల ఇవతలి నుంచి నడిచి రోడ్డు అవతల దిగొచ్చు. ఈ సంగతి తెలియక మా వీధి పెద్దవాళ్లు ఇప్పటికీ డివైడర్ సందులోంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటుతున్నారు. 'రోడ్డు దాటేవారు ఇటు రండి' అని కింద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెడితే ఎంత మేలు! ఉప్పల్ రింగు రోడ్డులో 2023లో స్టేషన్‌కీ బస్టాపులకీ కలిపి స్కైవాక్, అంటే రోడ్డు మీదుగా నడిచే వంతెన, తెరిచారు. ప్రతి స్టేషన్‌కూ అలాంటిది కట్టమని నేను అడగడం లేదు.

ఫుట్‌పాత్ ఖాళీ చేయించడమంటే ముందు బండ్లవాళ్లను తరమడమేనని అనుకోవద్దని కూడా మనవి. వాళ్లు ఉండబట్టే రాత్రి తొమ్మిదింటికి ఆ మెట్ల కింద ఆడపిల్లలు భయం లేకుండా నిలబడగలుగుతున్నారు. బండ్లకు ఒక పక్కన గీత గీసి చోటు చూపించండి. ముందు ఆ టూవీలర్లు తీయించండి.

సంబంధిత అధికారులంతా ఒకే రోజు, సాయంత్రం ఆరు గంటలకు, మా స్టేషన్ లిఫ్టు దగ్గర కలిసి బస్టాపు దాకా నడవాలని కోరుతున్నాను. అమ్మను నేను తీసుకొస్తాను. ఇటుక ఉన్నచోట వాలుగా ర్యాంపు పోయడానికి రెండు మూడు బస్తాల సిమెంటు, ఒక్క రోజు పని చాలు. అది ఎవరు పోయాలో అక్కడే నిలబడి తేల్చండి.

– ఒక ప్రయాణికురాలు, హైదరాబాద్