ఆ రోజు సాయం చేసిన అమ్మాయికి

మీరెవరో తెలియదమ్మా. నవంబరులో మా తాతయ్య లైఫ్ సర్టిఫికెట్ పని పూర్తి చేయించినందుకు మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.

1971 యుద్ధంలో తాతయ్య తూర్పు సరిహద్దులో సిగ్నల్స్ విభాగంలో ఉన్నారు. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయిందన్న కబురు వైర్‌లెస్ సెట్‌లోనే విన్నారట. పూర్వీ స్టార్ పతకం ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది. సైన్యం నుంచి వచ్చాక వ్యవసాయం చేసి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, పిల్లల్ని చదివించారు. ఆ మట్టి పనిలోనే వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఎనభై నిండాయని పెన్షన్ 20 శాతం పెరిగింది సరే, బతికే ఉన్నానని చెప్పడానికి వేలిముద్ర పడొద్దూ! ఆయనకు కోపం, మాకు టెన్షన్.

అప్పుడు మీరే వచ్చి, ముఖం చూపించి కూడా జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, చేయవచ్చని, 2021 నుంచే ఆ వీలుందని చెప్పారు. మా ఫోన్‌లోనే యాప్‌లు వేసి, కాసేపట్లో పని ముగించారు. అంతకంటే పెద్ద సాయం, ఆయన యుద్ధం కబుర్లు మొత్తం ఓపిగ్గా వినడం. మీ పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. తాతయ్యేమో వచ్చిన వాళ్లందరికీ మీ గురించే చెబుతున్నారు.