పిల్లర్ రింగు కొక్కెం ఎవరు చూడాలి, మంత్రి గారూ?

తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మహబూబ్‌నగర్‌లో మా నాన్న కట్టిన ఇంటి మీద పోయిన ఎండాకాలం పై అంతస్తు వేసుకున్నాం. అప్పుడు కంటబడిన ఒక చిన్న సంగతి మీ ముందు పెడదామని ఈ ఉత్తరం.

పిల్లర్లలోని నిలువు చువ్వలను చుట్టి పట్టే రింగులు వంచుతున్న రోజు. చెక్క మీద మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య ఎనిమిది ఎం.ఎం. చువ్వ పెట్టి పైపుతో వంచుతున్నాడు మా మేస్త్రీ. రెండు కొసలు కలిసే మూలలో కొక్కేన్ని లంబంగా మడిచి పక్కన పడేస్తున్నాడు. ఆ కుప్పలో నాలుగు రింగులు మాత్రం వేరేగా ఉన్నాయి. వాటి కొసలు పిల్లర్ కడుపులోకి తిరిగి ఉన్నాయి. ఇవేంటని అడిగితే నవ్వాడు.

"బెంగళూర్ల అట్లనే జేస్తుంటి సార్. ఆడ ఇంజనీర్ ఊకోడు, కొక్కెం లోపలికి లేకుంటే మొత్తం ఇప్పిస్తడు. అలవాటుల నాలుగు వంగినయ్. ఈడ ఎవలు సూస్తరు?"

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడెక్కడి డ్యాములు, కాలువలు, అపార్ట్‌మెంట్లు మా వాళ్ల చేతుల మీదుగా లేచాయి. పరాయి ఊళ్లో కోడ్ (నిర్మాణ నియమాల పుస్తకం) ప్రకారం కట్టిన చెయ్యి సొంతూరికి వచ్చేసరికి ఎందుకు మారుతోంది? చేతగాక కాదు, అడిగేవాడు లేక.

ఆ కొక్కెం 135 డిగ్రీలు వంగి లోపలికి పోవాలని చెప్పేది ఐఎస్ 13920, భూకంపాన్ని తట్టుకునే కాంక్రీట్ కట్టడాల భారతీయ కోడ్. దాన్ని 2016లో సవరించారు. భూమి ఊగినప్పుడు పిల్లర్ పై పెచ్చు ముందు ఊడుతుంది. అప్పుడు లంబంగా మడిచిన కొక్కెం తెరుచుకుంటుంది, నిలువు చువ్వలు బయటికి ఉబ్బుతాయి. లోపలికి దిగిన కొక్కెం అయితే పట్టు వదలదు. దీనికయ్యే అదనపు ఖర్చు ఒక్కో కొసకు రెండు మూడు అంగుళాల చువ్వ, అంతే.

మాది భూకంప ముప్పు తక్కువున్న రెండో జోన్ కాబట్టి ఆ కోడ్ ఇక్కడ తప్పనిసరి కాదు, ఇష్టముంటే పాటించవచ్చు అని మాత్రమే ఉంది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 2020 జనవరిలో పులిచింతల దగ్గర చింతలపాలెం వైపు భూమి కదిలింది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వస్తే చాలా జిల్లాల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు.

కోడ్ మొత్తం తెచ్చి మా నెత్తిన రుద్దమని అనడం లేదు. అదే 13920 పిల్లర్ వెడల్పు కనీసం 300 ఎం.ఎం., అంటే 12 అంగుళాలు ఉండాలంటుంది. 60 గజాల జాగాలో తొమ్మిదంగుళాల గోడలోంచి పిల్లర్ మూడంగుళాలు బయటికొస్తే మంచం పట్టదు. చవకగా అయ్యేది ఏది, చిన్న ఇంటికి భారమయ్యేది ఏది అని మీ శాఖ ఇంజనీర్లు వేరు చేసి చెప్పాలి. జాతీయ భవన నిర్మాణ కోడ్ 1970లో వచ్చింది. 1983, 2005, 2016లలో మార్చారు. ఇప్పుడున్నది రెండు లావుపాటి సంపుటాలు. అది మా మేస్త్రీ చేతికి ఎప్పుడు అందాలి?

మెట్ల సంగతి కూడా చెప్పాలి. ఇంటి మెట్టు ఎత్తు 190 ఎం.ఎం. దాటకూడదని ఆ జాతీయ కోడ్‌లో ఉంది, అంటే ఏడున్నర అంగుళాలు. మా ఇంట్లో తొమ్మిది. వాస్తు ప్రకారం మెట్లు బేసి సంఖ్యలో రావాలని లెక్కపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, టేపు పెట్టి ఎత్తు కొలిచినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ కొలవలేదు. ఇప్పుడు మా అమ్మ మోకాళ్లు కొలుస్తున్నాయి.

అనుమతుల విషయంలో ప్రభుత్వం మంచి పనే చేసింది. 2020 చట్టంతో 75 గజాల్లోపు ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోయింది, 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణ చాలు. ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ తగ్గింది. కాకపోతే ఆ కాగితాల్లో రోడ్డుకు ఎంత వదిలాం, ఎత్తు ఎంత అన్నదే ఉంటుంది. లోపల ఇనుము ఎలా కట్టారో ఉండదు. మా ప్లాన్ మీద సంతకం పెట్టిన ఇంజనీరు సైటుకు ఒక్కసారీ రాలేదు. నాన్న ఎప్పుడో వేసిన పునాది పై అంతస్తును మోస్తుందా అని కూడా ఎవరూ అడగలేదు.

2024 వానాకాలం మొదట్లో నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ భయంతోనే మా వైపు జనం మిద్దె విప్పి స్లాబ్ వేసుకుంటున్నారు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైతే 5 లక్షలు నాలుగు దశల్లో ఇస్తున్నారు, ప్రతి దశకూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తున్నారు. ఫొటోలో పిల్లర్ నిలబడి కనిపిస్తుంది, రింగు కనిపించదు. కాంక్రీట్ పోయకముందే ఇంకో ఫొటో తీయించండి. కొక్కెం ఎటు తిరిగిందో, చువ్వకు, బయటి అంచుకు మధ్య కాంక్రీట్ మందం ఉండేలా పెట్టే కవర్ బ్లాకులు పెట్టారో లేదో అందులో తెలుస్తుంది. అది చూశాకే పోయమనండి.

మేస్త్రీలకు బొమ్మలతో తెలుగులో పదిహేను పేజీల పుస్తకం వేయించండి. రింగు, కవరు, మెట్టు, క్యూరింగ్ ఎన్ని రోజులు, స్లాబ్ కింద సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి, ఇవి చాలు. నల్లగొండ వైపు బోరునీళ్లతో కాంక్రీట్ కలిపే ముందు పరీక్ష చేయించాలన్న మాట కూడా చేర్చండి. నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే చువ్వ తుప్పు పడుతుందనే కాంక్రీట్ పనుల కోడ్ ఐఎస్ 456 ఆ హద్దు పెట్టింది.

మా వీధిలో ఇంకో రెండు ఇళ్లకు పిల్లర్లు లేస్తున్నాయి. నిన్న సాయంత్రం వెళ్లి చూశాను, రింగులన్నీ లంబంగానే మడిచి ఉన్నాయి.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని,
మహబూబ్‌నగర్