చంద్రుడి మీద గుంటలుంటే దేవుడికొచ్చిన లోటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. సృష్టిలో వంక పెట్టడానికి ఎక్కడా చోటు లేదని, సైన్సు కొత్తగా ఏది కనిపెట్టినా భగవంతుడి పరిపూర్ణత్వాన్నే రుజువు చేస్తోందని రాశారు. భక్తి సంగతి వారిష్టం, నాకేం పేచీ లేదు. కానీ సైన్సును సాక్షిగా బోనెక్కించారు కదా, ఆ సాక్షి ఇంతకుముందు ఏం చెప్పిందో కూడా వినాలి.

పరిపూర్ణం అంటే ఎలా ఉంటుందో మనమే ముందుగా తేల్చేసుకుంటాం, అక్కడే వస్తుంది చిక్కంతా. ఆకాశంలో ఉన్నవన్నీ నున్నగా, గుండ్రంగా, మార్పు లేకుండా ఉంటాయని అరిస్టాటిల్ చెప్పిన మాటను యూరప్‌లో చర్చి పండితులు కూడా తమ దైవశాస్త్రంలో కలిపేసుకున్నారు. 1609 చివర్లో గెలీలియో టెలిస్కోప్‌ను చంద్రుడి వైపు తిప్పితే కొండలూ గుంటలూ కనిపించాయి. అప్పుడు కొలొంబె అనే పండితుడు ఏమన్నాడో తెలుసా? ఆ గుంటలన్నీ కంటికి కనపడని స్ఫటికంతో నిండి ఉన్నాయట, కాబట్టి పైన చంద్రుడు నున్నగానే ఉన్నాడట! గెలీలియో ఊరుకుంటాడా, అయితే అదే కనపడని స్ఫటికంతో ఇంకా పదింతలు ఎత్తైన కొండలు కూడా ఉన్నాయని నేనంటాను, కాదని చూపించండి అన్నాడు. మీ వ్యాసకర్త వాదన చదువుతున్నంతసేపూ నాకు ఆ స్ఫటికమే గుర్తొచ్చింది.

జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ కథ ఇంకా బాగుంటుంది. ఆయన చర్చిలో పాస్టర్ అవుదామని చదువుకున్న మనిషి, గ్రహాలు వృత్తాల్లో తిరుగుతాయన్న నమ్మకంతోనే లెక్క మొదలుపెట్టాడు. అంగారకుడి లెక్క మీద ఏళ్ల తరబడి కూర్చుంటే చివరికి తన లెక్కకీ, ఆకాశాన్ని కొలిచిన టైకో బ్రాహి అనే పరిశీలకుడి కొలతలకీ 8 ఆర్క్ నిమిషాల తేడా వచ్చింది, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో సుమారు పావు వంతు. ఇంకొకరైతే సర్దేసి ఊరుకునేవారే. ఈయన మాత్రం, టైకో లాంటి జాగ్రత్త గల పరిశీలకుణ్ణి మనకిచ్చింది దేవుడి దయే కాబట్టి ఆ కొలతను తోసెయ్యకూడదనుకుని వృత్తాన్నే వదిలేశాడు. 1609లో అచ్చైన ఆయన పుస్తకంలో అంగారకుడి కక్ష్య దీర్ఘవృత్తం. పెద్దగా నమ్మకం లేని నాకే ఇక్కడ ఆయన భక్తి మీద గౌరవం కలుగుతుంది.

ఇక ఆ వ్యాసంలో కంటి నిర్మాణంలో లోపమే లేదన్న పేరా. మన కంట్లో నరాల తీగలు రెటీనా (కంటి వెనక వెలుతురును పట్టే పొర) ముందు వైపు పరుచుకుని ఉంటాయి, అవన్నీ వెనక్కి వెళ్లడానికి ఒక చిల్లు కావాలి, ఆ చోట చూపు ఉండదు. ఆక్టోపస్‌కి తీగలు వెనక నుంచే వెళ్తాయి కాబట్టి ఆ గుడ్డిచుక్క లేదు. జిరాఫీ అయితే మరీను, మెదడు నుంచి స్వరపేటికకు రావలసిన ఒక నరం మెడ పొడుగునా కిందికి దిగి, గుండె దగ్గర పెద్ద రక్తనాళం చుట్టూ తిరిగి, మళ్లీ పైకి ఎక్కుతుంది. మెడ లేని చేపల్లాంటి పూర్వీకుల్లో అది దగ్గరి దారే, మెడ సాగేకొద్దీ నరమూ సాగింది.

వీటిని చూపించి చూశారా దేవుడు లేడు అనేవాళ్లతో కూడా నాకు పడదు. జిరాఫీ నరం చెప్పేది జిరాఫీ చరిత్ర, అంతే. 1951లో పోప్ పన్నెండో పయస్, విశ్వానికి ఒక మొదలుందన్న సిద్ధాంతం సృష్టికర్తకు దన్నుగా ఉందన్నట్టు ప్రసంగిస్తే ఇబ్బంది పడింది ఎవరనుకున్నారు? ఆ సిద్ధాంతానికి ఆద్యుడు, తానే క్యాథలిక్ ఫాదర్ అయిన జార్జ్ లెమైత్ర్. తన సిద్ధాంతాన్ని మతం గొడవలోకి లాగొద్దన్నది ఆయన పట్టు.

వ్యాసకర్తను ఒకటే అడగాలనుంది. రేపు ఏది బయటపడితే మీ మాట తప్పని ఒప్పుకుంటారు? నున్నగా ఉంటే మహిమ, గుంటలుంటే అదీ మహిమే అయితే ఇక టెలిస్కోప్‌తో పనేముంది?

అన్నట్టు, రోమ్‌లోని శాంటా మరియా మజోరె చర్చిలో 1612 నాటి చిత్రం ఒకటుంది, గెలీలియో స్నేహితుడు చిగోలి వేసింది. మేరీమాత కాళ్ల కింద ఉన్న చంద్రుడికి, గెలీలియో చూసినట్టే, గుంటలు పెట్టాడు. వచ్చే ఆదివారం చోటుంటే ఆ బొమ్మ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు