ఫొటోలో ఆ ‘సిబ్బంది’ ఎవరండీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో బేగంపేట పాత విమానాశ్రయం ఫొటోలు వేసి పది రోజులు దాటింది. ఆ రోజే రాద్దామనుకున్నాను. కంటికి శుక్లాల ఆపరేషను చేయించుకున్నాను, డాక్టరు పేపరు ముట్టుకోవద్దన్నారు. ఇప్పుడు నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. కాబట్టి అక్షరదోషాలుంటే నావి కావు, కోపం మాత్రం నాదే.

ఆరు ఫొటోలు వేశారు. విమానం ఎక్కుతున్న మంత్రి, దిగుతున్న హీరో, దండ పట్టుకుని ఎదురెళ్తున్న పెద్దమనిషి, అందరి పేర్లూ కింద ఉన్నాయి. మూడో ఫొటోలో ఎడమ పక్కన, ప్రొపెల్లరు దగ్గర, చేతిలో నూనె గుడ్డతో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయనకు మాత్రం ‘సిబ్బంది’ అని రాసి ఊరుకున్నారు. దండ తెచ్చినాయన లేకపోయినా ఆ విమానం లేచేది. ఈయన సరే అనకపోతే లేచేది కాదు.

మా నాన్నా ఇలాంటి ‘సిబ్బంది’యే. విమానం నడపడం నేర్పే ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ముప్ఫై ఏళ్లు మెకానిక్కుగా చేశాడు. ఏ ఊరో రాయను, ఆనాటివాళ్లు ఇంకా కొందరున్నారు. అక్కడ ఉండేవి పుష్పక్‌లు. మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ తయారుచేసిన రెండు సీట్ల చిన్న విమానం, 1958లో మొదటిసారి ఎగిరింది. 90 హార్స్‌పవర్ ఇంజను, అంటే ఈ రోజుల్లో మా వీధిలో కార్లకు ఉన్నంత. రెక్కల మీద రేకు కాదు, గుడ్డ. చట్రానికి గుడ్డ లాగి కట్టి, పైన ‘డోప్’ అనే వార్నిష్ లాంటిది పూతలు పూతలుగా పూస్తే ఆరేకొద్దీ బిగుసుకునేది. నాన్న దాన్ని వేలితో కొట్టి చెవి ఒగ్గి వినేవాడు, పెళ్లిలో డోలు వాయించేవాళ్లు వాద్యం సరిచూసుకున్నట్టు. చొక్కా నిండా ఆ డోప్ వాసనే. మా అమ్మ ఆ చొక్కాలు విడిగా ఉతికేది.

పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి గాజు గ్లాసులోకి కాస్త పెట్రోలు వదిలి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. అడుగున నీటి బొట్టు కనబడితే పారబోసి మళ్లీ పట్టాలి, మళ్లీ చూడాలి. ఆ బొట్టు పోయేదాకా ఎవరి కొడుకు వచ్చి తొందరపెట్టినా విమానం కదలదు. ఆయన సరిచూసిచ్చిన విమానాల మీద నేర్చుకున్న కుర్రాళ్లు తరవాత జెట్లు నడిపారు. రిటైరైన రోజు ఆయనకు ఇచ్చింది ఒక శాలువా, ఒక గోడ గడియారం. గడియారం ఆరు నెలలకే ఆగిపోయింది. శాలువా మాత్రం గట్టిది, ఇప్పటికీ ఉంది.

ఆయన పోయాక, ఆయన సంతకాలున్న పాత రిజిస్టర్లు ఒకసారి చూడాలనిపించి ఆ క్లబ్బుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, ‘అవన్నీ ఎప్పుడో తూకానికి వేసేశాం కదండీ’ అన్నాడు. కిలో ఎంతకు వెళ్లాయో అడగాలనిపించింది. అడగలేదు.

నా సొంత గోడు పక్కన పెడతాను. బేగంపేట సంగతే తీసుకోండి. 1930ల్లో ఏరో క్లబ్బుతో మొదలైన చోటు అది. నిజాం సర్కారు, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆ నేల మీదే డకోటా విమానాలు నడిపింది. 1953లో ప్రభుత్వం ఎనిమిది కంపెనీలను కలిపేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు అందులో అదీ కలిసిపోయింది. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని 1947లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుంది. కంపెనీల చుట్టూ తిరిగితే ఆడపిల్లకు విమానమా అని తిప్పి పంపేశారు. రమ్మన్నది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేసే. అక్కడ కోపైలట్‌గా చేస్తూ 1949లో జాతీయ ఎయిర్ రేసు గెలిచింది. కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు లెండి, మనమూ అంతటివాళ్లమే. అయినా తలుపు తీసింది ఇక్కడే కదా! దేశంలో పైలట్లలో 15 శాతం ఆడవాళ్లేనని మంత్రులు ఏ సభలో చూసినా చెప్పుకుంటారు. ఆ వరసలో మొదటి ఆవిడ పేరు బేగంపేటలో నేను తిరిగినంత మేర ఏ గోడ మీదా కనబడలేదు. మీ ఆరు ఫొటోల్లోనూ లేదు.

పేర్ల మీద మనకు శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. శంషాబాదులో దేశీయ టెర్మినల్‌కు ఎవరి పేరుండాలని 2014లో ఎంత రగడ! ఢిల్లీ ఒక పేరు పెట్టింది, ఇక్కడ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఆ పెద్దల మీద నాకు గౌరవం తక్కువేమీ కాదు. కానీ విమానాశ్రయం పేరు కోసం అన్ని మైకులు విరిగినప్పుడు, విమానం నడిపినవాళ్ల పేరు ఒక్కటైనా ఎవరి నోటా రాలేదేం? రోడ్డు, కూడలి, ఫ్లైఓవర్, ఆఖరికి బస్టాపు రేకుల షెడ్డుకు కూడా నాయకుల పేర్లే. ఆ షెడ్డులో వాన కురిస్తే మనమే తడుస్తాం.

ఒడిశాను చూడండి. బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా ఒకటి కోల్‌కతా విమానాశ్రయంలో ఏళ్ల తరబడి మూలపడి ఉంటే, 2023లో ఒడిశావాళ్లు ముక్కలుగా విప్పి లారీల్లో భువనేశ్వర్‌కు తెచ్చుకున్నారు. ఆయన ఒకప్పుడు అక్కడ ముఖ్యమంత్రి కాబట్టి తెచ్చారంటారా? కావచ్చు. కానీ వాళ్లు తెచ్చుకున్నది ఆయన కుర్చీ కాదు, విమానం. మన విశాఖలోనూ 2017లో నౌకాదళం నిఘా విమానం టీయూ-142ను బీచ్ రోడ్డు మీద మ్యూజియం చేశారు. మా మనవడు దాని కడుపులోంచి నడిచొచ్చి రెండు రోజులు అదే కబురు. చేయాలనుకుంటే చేయగలం మరి.

అమెరికాలో 50 ఏళ్లు క్షేమంగా విమానం నడిపిన పైలట్‌కు రైట్ సోదరుల పేరుతో ప్రభుత్వమే గౌరవ పత్రం ఇస్తుంది. అంతవరకూ నాకు పట్టింపు లేదు. 50 ఏళ్లు పానా పట్టిన మెకానిక్కుకూ ఇస్తుంది, చార్లెస్ టేలర్ పేరుతో. ఈ టేలర్ ఎవరనుకున్నారు? రైట్ సోదరుల సైకిల్ షాపులో పనివాడు. 1903లో ఎగిరిన విమానానికి ఇంజను ఆరు వారాల్లో చేసిచ్చింది ఆయనే. ఆయన్నీ లోకం మరిచిపోయింది, 1956లో పేదవాడిగానే పోయాడు. బతికుండగా చేయనిది తరవాతైనా చేశారు. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా అని విమానాల పండగ జరుగుతుంది. ఎక్కడెక్కడి కంపెనీల విమానాలో వస్తాయి, జనం ఎండలో సెల్ఫీలు దిగుతారు, మంత్రులు రిబ్బన్లు కత్తిరిస్తారు. బాగుంది. ఆ వేదిక మీద అరగంట ఇవ్వలేరా? చిన్న విమానాల క్లబ్బుల్లో జీవితం వెళ్లదీసిన ముసలి ఇన్‌స్ట్రక్టర్లు, మెకానిక్కులు, ఇంజను లేని గ్లైడర్లను తాడుతో లాగే విన్చ్ యంత్రం దగ్గర ఎండకు నల్లబడినవాళ్లు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. వాళ్లను కుర్చీలు వేసి కూర్చోబెట్టి పేరు పెట్టి పిలవండి. శాలువా అక్కర్లేదు, మా ఇంట్లో ఉన్నట్టే వాళ్ల ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. గేటు దగ్గర ఒక రాతి పలక మీద ప్రేమ్ మాథుర్ పేరు, కింద వీళ్ల పేర్లు.

ఇదే అడుగుతూ మూడు కార్యాలయాలకు ఉత్తరాలు రాశాను. ఒకరు స్థలం తమది కాదన్నారు. రెండో వారు కార్యక్రమం తమది కాదన్నారు. మూడో వారి నుంచి ‘మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది’ అని కార్డు వచ్చింది, అందులో నా ఇంటిపేరు తప్పు.

మీ వంతుగా మీరొక పని చేయండి. ఆ మూడో ఫొటో మళ్లీ వేసి, గుడ్డ పట్టుకున్నాయన ఎవరో పాఠకులను అడగండి. ఎవరో ఒక కొడుకో మనవరాలో గుర్తుపడతారు. ఇక నా దగ్గర మా నాన్న పానాల పెట్టె ఉంది, పెట్రోలు పట్టి చూసిన ఆ గాజు గ్లాసూ ఉంది. అంచు కాస్త పగిలింది. ఎక్కడైనా ఒక అద్దాల బీరువాలో పెడతామంటే ఇచ్చేస్తాను. రసీదు మాత్రం రాసివ్వాలి, తూకానికి వేయబోమని.

ఇట్లు,
ఒక మెకానిక్కు కొడుకు,
సికింద్రాబాద్