ఎవరు గెలిచారని అడగకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం సాయంత్రం గేటు దగ్గర ఒక నాన్నగారు కూతురి భుజాన వేలాడుతున్న బాక్సింగ్ గ్లౌజులు చూసి, "ఇవాళ స్పారింగ్ అన్నావుగా, ఎవరు గెలిచారమ్మా?" అని అడిగారు. ఆ పాప తెల్లముఖం వేసింది. "నేను జ్యాబ్ వేయడమే నాన్నా, తను ఆపడమే. ఇంక గెలవడం ఏముంది?" అంది. (స్పారింగ్ అంటే ఎదురుగా ఇంకొకరిని నిలబెట్టి చేసే సాధన, జ్యాబ్ అంటే ముందుకు ఉంచిన చేత్తో సూటిగా వేసే పంచ్.) ఆయన నావైపు చూశారు. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి, ఈ నెల ఉత్తరం దానికే.

బాక్సింగ్ క్లాసులో చేరి నాలుగు నెలలు దాటిన పిల్లలకు ఈ టర్మ్ నుంచి స్పారింగ్ మొదలుపెట్టాం. ఇన్నాళ్లూ వాళ్లు నేర్చుకున్నది నిలబడే తీరు, అడుగులు వేయడం, అద్దం ముందు గాలిలో పంచ్‌లు వేసే షాడో బాక్సింగ్, బ్యాగ్ మీద, కోచ్ పట్టుకున్న ప్యాడ్స్ మీద పంచ్‌లు. బ్యాగ్ ఊగుతుందే గానీ తప్పుకోదు, తిరిగి కొట్టదు. మనిషి ఎదురుగా నిలబడేసరికి నేర్చుకున్నదంతా సగం గాలికి పోతుంది. చేయి చాచితే అందుతుందా అందదా అన్న అంచనాయే మొదట దెబ్బతింటుంది. ఆ దూరాన్ని పట్టుకోవడానికే వారాలు పడుతుంది.

పిల్లలకు పెట్టే పరీక్ష నేనూ రాయాలి కదా అని ఒక రోజు నేను కూడా గ్లౌజులు తొడుక్కున్నాను. కోచ్ చాలా నెమ్మదిగా, ఈగను తోలినట్టు నా భుజం మీద తాకారు. చేయి ఇంకా దారిలో ఉండగానే నా కళ్లు మూతపడ్డాయి, ముఖం పక్కకు తిరిగింది. నలభై సెకన్లకు ఆయాసం వచ్చింది. వయసు కారణం అనుకున్నాను. "ఊపిరి బిగబట్టారు మేడమ్, బడికి కొత్తగా వచ్చిన పిల్లలు కూడా ఇదే చేస్తారు" అన్నారాయన. కళ్లు మూయడం, ఊపిరి బిగబట్టడం, వెనక్కి సూటిగా పరుగెత్తడం. మొదటి నెల స్పారింగ్ అంతా ఈ మూడింటితో పేచీయే. పంచ్‌ల సంగతి తర్వాత.

అందుకని మా దగ్గర ఇద్దరికీ వేర్వేరు పనులు ఇస్తారు. ఒకరు ఎడమ చేత్తో జ్యాబ్ మాత్రమే వేయాలి. రెండోవారు ఆపడం, అడుగు పక్కకు వేయడం మాత్రమే. ఒకటిన్నర నిమిషం కాగానే బెల్, ఒక నిమిషం విశ్రాంతి, తర్వాత పాత్రలు మారతాయి. రోజుకు మూడు రౌండ్లు, అదీ వారానికి ఒక్కసారే. ఇలా ఆడినప్పుడు గెలుపోటములకు చోటే లేదు. ఆ పాప తెల్లముఖం వేసింది అందుకే. (ఎడమచేతి వాటం పిల్లవాడు ఒకడున్నాడు. వాడి ముందు నిలబడితే అందరి లెక్కలూ తలకిందులు. వాడు మాత్రం మహా ఖుషీగా ఉన్నాడు.)

జతలు కలపడమే అసలు కష్టమైన పని. బరువు చూడాలి, ఎత్తు చూడాలి, అనుభవం చూడాలి. ఇద్దరు కొత్తవాళ్లను జత చేస్తే న్యాయంగా ఉంటుందని నేననుకునేదాన్ని. కోచ్ ఒప్పుకోలేదు. కొత్తవాళ్లకు బలం మీద అదుపు ఉండదు. ఒకరిది కాస్త గట్టిగా తగిలితే రెండోవారు భయంతో ఇంకాస్త గట్టిగా ఇస్తారు, నిమిషం తిరక్కుండా అది కొట్లాట అవుతుంది. అందుకే మొదటి నెలల్లో ప్రతి కొత్త పిల్లకూ పాతవాళ్లే జత. పాతవాళ్లకు అదే పాఠం: అదుపులో పెట్టుకుని తాకడం. ఎవరైనా వేగం పెంచినట్టు కనిపిస్తే కోచ్ "స్టాప్" అంటారు, ఇద్దరూ చేతులు దించి ఒక అడుగు వెనక్కి వేయాలి. అదే రౌండ్‌లో రెండోసారి ఆపాల్సి వస్తే ఆ రోజుకు వాళ్ల స్పారింగ్ అయిపోయినట్టే.

ఇక మీలో చాలామంది ఫోన్ చేసి అడిగిన విషయం, తల. ఒక అమ్మగారు, ఆవిడ డాక్టరు, అమెరికా, కెనడాల పిల్లల వైద్యుల సంఘాలు 2011లో కలిసి చేసిన ప్రకటన నా ముందు పెట్టారు. పిల్లలకు, టీనేజర్లకు బాక్సింగ్ వద్దన్నారు వాళ్లు, ముఖ్యంగా తలకు తగిలే దెబ్బల వల్ల. దాన్ని తేలిగ్గా తీసుకోను. మన బడిలో తలకు పంచ్ అన్నది లేదు, ఇకముందూ ఉండదు. భుజాలు, పొట్ట పైభాగం, అంతే. హెడ్‌గార్డ్ పెట్టాం కదా, తలకూ అనుమతించవచ్చు కదా అని ఒకరిద్దరు అడిగారు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, పుర్రె లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుష బాక్సర్లు హెడ్‌గార్డ్ లేకుండానే బరిలోకి దిగారు. అది పెట్టుకుంటే తలకు భద్రత అన్న నమ్మకం గట్టిదైతే అలా జరిగేది కాదు. మనం హెడ్‌గార్డ్ పెట్టేది పొరపాటున తల తగిలితే గీరుకోకుండా, అంతవరకే.

పొరపాట్లు జరుగుతాయి. మోచేయి తగలొచ్చు, తలలు ఢీకొనొచ్చు. అలా జరిగితే ఆ సాయంత్రమే మీకు ఫోన్ వస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, మెదడుకు కుదుపు తగిలినవాళ్లలో చాలామంది స్పృహ తప్పరు. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, మందకొడిగా ఉండటం, చెప్పిందే చెప్పడం, ఊరికే చిరాకు పడటం, ఇవి మర్నాడు కూడా బయటపడొచ్చు. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబడటం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్, కనుపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనిపించడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి. ఆడుతుంటే తగ్గిపోతుందిలే అని పంపకండి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగలడం పిల్లలకు మరీ ప్రమాదం. డాక్టరు సరేనన్న కాగితం తెచ్చేదాకా గ్లౌజులు మా బీరువాలోనే.

ఏడ్చే పిల్లలు ఉంటారు. దెబ్బ తగిలి కాదు, ఆ టెన్షన్ దిగేటప్పుడు కన్నీళ్లు వస్తాయి. నీళ్లిచ్చి పక్కన కూర్చోబెడతాం, ఎవరూ గుచ్చి అడగరు. ఇంట్లో మీరూ అడగకండి.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. స్పారింగ్‌కు మెత్త ఎక్కువ ఉన్న గ్లౌజులే వాడతాం, పెద్ద పిల్లలకు 16 ఔన్సులవి. పోటీల్లో వాడే 10, 12 ఔన్సులవి తీసుకురావద్దు. స్పారింగ్ గ్లౌజులు బడిలోనే ఉన్నాయి, కొనక్కర్లేదు. మౌత్‌గార్డ్ మాత్రం ఎవరిది వాళ్లదే. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి పట్టే రకం చాలు. నోరు తెరిచినా పైపళ్లకు అంటుకుని ఉంటే సరిపోయినట్టు. పళ్లకు తీగలున్నవాళ్లు డెంటిస్టును అడిగాకే తీసుకోండి. గోళ్లు కత్తిరించి, చెవిపోగులు తీసి పంపండి. చేతికి చుట్టే పట్టీలు వారానికోసారైనా ఉతకండి. ఆ గదిలోకి అడుగుపెట్టినవారికెవరికైనా ఎందుకో తెలుస్తుంది.

ఉత్తరంతోపాటు అనుమతి పత్రం పంపుతున్నాను. మీకు ఇష్టమున్నా పిల్లకు ఇష్టం లేకపోతే సంతకం పెట్టకండి. స్పారింగ్ చేయనివాళ్లు క్లాసులోనే ఉంటారు, స్కిప్పింగ్ తాడు, బ్యాగ్, ప్యాడ్స్ వాళ్లకు ఎప్పటిలాగే. వాళ్లను తక్కువ చేసి ఎవరైనా మాట్లాడితే నాకు చెప్పండి.

నెలాఖరు శనివారం ఉదయం మీరు వచ్చి చూడొచ్చు. కుర్చీలు గోడ పక్కన వేయిస్తాం. ఒక్కటే షరతు, "కొట్టు, కొట్టు" అని అరవకూడదు. మీ గొంతు వినగానే పిల్లలు కోచ్ ఇచ్చిన పని వదిలేసి మీకోసం ఆడటం మొదలుపెడతారు. ఇంటికి వెళ్లే దారిలో ఏమడగాలో తోచకపోతే "కళ్లు తెరిచే ఉంచావా?" అని అడగండి. నన్ను మాత్రం అడగకండి, నేనింకా మూసేస్తూనే ఉన్నాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు