బజ్జీల పందెం తేలిపోయింది

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోనులో చెప్తే నవ్వేసి మాట మార్చేస్తావని కూర్చుని రాస్తున్నాను. మా ఇంటి నుంచి కాలవ లాకుల దాకా సరిగ్గా కిలోమీటరని నేను, ఇంకా ఎక్కువే ఉంటుందని నువ్వు ఎనిమిదో తరగతిలో కొట్టుకున్నాం, గుర్తుందా? మొన్న ఆ గొడవ తేల్చేశాను.

మా చిన్నదానికి హోంవర్కు ఇచ్చారు. వ్యాసార్ధం 35 సెంటీమీటర్లున్న చక్రం 1.1 కిలోమీటర్లు పోవాలంటే ఎన్నిసార్లు తిరగాలి? చుట్టుకొలత 220 సెంటీమీటర్లు కాబట్టి 500 చుట్లు. చకచకా చేసేసి, "నాన్నా, నిజం చక్రాలకి కూడా వ్యాసార్ధం ఏడుతో నిశ్శేషంగా పోతుందా?" అంది. మన పుస్తకంలోనూ అన్నీ 7, 14, 35లే కదరా, ఒక్కటైనా 36 చూశావా!

సరేనని మా నాన్న పాత సైకిల్ బయటికి తీశాను. టైరుతో కలిపి అడ్డంగా 71 సెంటీమీటర్లు. 22/7తో గుణిస్తే 223. వాల్వు కిందికొచ్చిన చోట నేలమీద సుద్దగీత గీసి, సైకిల్‌ని చేత్తో తోస్తే, వాల్వు మళ్లీ కిందికొచ్చేసరికి ఇంచుమించు అంతే వచ్చింది. తర్వాత నేను ఎక్కి తొక్కాను. పది చుట్లకి 22 మీటర్ల 10 సెంటీమీటర్లే! చుట్టుకి రెండు సెంటీమీటర్లు ఏమయ్యాయంటే, నా బరువుకి మాయమయ్యాయి. టైరు కింద అణిగితే ఇరుసు నేలకి దగ్గరవుతుంది, చుట్టుకి పోయే దూరమూ తగ్గుతుంది. 22/7 వేయాలా 3.1416 వేయాలా అని మనం బుర్ర పగలగొట్టుకునేవాళ్లం. ఆ తేడా చుట్టుకి మిల్లీమీటరు కూడా లేదు. టైరులో గాలి సంగతి ఏ మాస్టారూ చెప్పలేదు.

ఇక లాకుల ప్రయాణం. ముందు చక్రం పుల్లకి ఎర్రగుడ్డ కట్టి, అది కిందికొచ్చినప్పుడల్లా లెక్కపెట్టాను. వందకో గులకరాయి ఈ జేబులోంచి ఆ జేబులోకి. దారిలో మన వీరయ్య బాబాయి ఎదురై పలకరిస్తే తలూపానే గానీ నోరు విప్పలేదు. ఏమనుకున్నాడో పాపం. రెండువేల ఏళ్ల కిందటే రోమ్‌లో విట్రూవియస్ అనే ఆయన ఇలాంటి బండినే వర్ణించాడట. చుట్టుకి 12.5 అడుగులు పోయే చక్రం 400 సార్లు తిరిగితే 5000 అడుగులు, అంటే వాళ్ల మైలు. అప్పుడు ఓ రాయి టంగుమని పాత్రలో పడుతుంది. నా జేబు కన్నా నయం.

మొత్తం 612 చుట్లు. 2.21తో గుణించి చూడు, 1352 మీటర్లు! నేను వంకరటింకరగా తొక్కిన మాట నిజమే, చక్రం ఆ వంకర్లన్నీ కలిపే కొలుస్తుంది. ఓ పది మీటర్లు తీసేయ్. ఇరవై తీసేసినా నేను గెలవను.

సంక్రాంతికి వస్తావుగా. లాకుల దగ్గర మిరపకాయ బజ్జీలు నా ఖాతాలో. అప్పటి రేటుకే సుమా.

నీ
రాము